ఉలి దించు

నంద్యాలలో ముసురు పట్టి మూడు రోజులైంది. మా అక్క ఇంటి వసారాలో, కిటికీ ఊచల మీద నా కూతురు మేఘన తన మేజోళ్లు ఆరేసింది. అవి ఆరలేదు సరికదా, ముక్కిపోయాయి. నేను వంటింట్లో కింద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. గాలి ఇటు మళ్లి ఆ వాసన ముక్కుకు తగిలింది. వెంటనే లేచి కిటికీలన్నీ తెరిచాను, వీధి తలుపు బార్లా తీశాను, మేజోళ్లు ఊడబెరికి బయట గోడ మీద పడేశాను. వాన వాటిని మళ్లీ తడిపింది. మేఘన నవ్వి, "మేజోళ్లకు కూడా భయపడతారా అమ్మా?" అంది. నేను మళ్లీ వచ్చి కత్తి పట్టుకున్నాను. నాకు నిన్నటి నుంచి జ్వరం. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం బస్సెక్కి హైదరాబాదు చేరాలి, రేపు విమానంలో డ్యూటీ ఉంది. మాత్ర మింగి, ముఖం కడుక్కుని, కాస్త రంగు పూసుకుంటే ఎవరికీ తెలియదు. విమానాల్లో పనిచేసే మాకు ఇది వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య నాచేత మాన్పించాలని పట్టుబట్టిన మనిషి ఒకామె ఉండేది. పేరు ఓబులమ్మ, ఊరు ఆళ్లగడ్డ.

ఆమె నాకు దొరికేనాటికి నేను కొత్త ఎయిర్ హోస్టెస్‌ని. మా నాయనకు నంద్యాల బజార్లో కిరాణా అంగడి ఉండేది. "గల్లా కాడ కూర్చున్నోడు మొగం మాడ్చుకోగూడదు" అనేది ఆయన వ్యాపారమంతటికీ ఒకే సూత్రం. పన్నునొప్పితో దవడ ఇంత వాచినా, నవ్వుతూ బెల్లం తూచిన మనిషి. ఆ ఇంట్లో పుట్టినదాన్ని కదా, నాకూ నవ్వు ముఖానికి అతికించినట్టే ఉండేది. ఆ నవ్వు చూసే నాకు ఉద్యోగం ఇచ్చారని ఇప్పటికీ అనుకుంటాను. విమానం ఎక్కేముందు సిబ్బందినంతా ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ రోజు ఇన్‌ఛార్జ్‌గా ఉన్నవాళ్లు పని పంచుతారు. ఆ రోజు ఇన్‌ఛార్జ్ ఓబులమ్మ. నలభై దాటిన మనిషి, చామనఛాయ, వెడల్పాటి అరచేతులు. పేరు మరీ పల్లెటూరిదిగా ఉంది, కొంచెం కత్తిరించుకోమని కంపెనీవాళ్లు ఒకసారి సలహా ఇచ్చారట. "మా ఓబులేసు సామి పేరు కత్తిరించేకి నువ్వెవరప్పా?" అని అడిగిందట ఈమె. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

నా పేరు చదివి తలెత్తి చూసింది. "యాడిదానివి?"

"నంద్యాల, మేడమ్."

"నంద్యాల్లో యాడ?"

"బజార్లో మా నాయనకు అంగడుంది."

"అదే అనుకుంటాండా, ఇంత నవ్వు యాడ్నుంచొచ్చిందా అని. శైలజా, ఆ నవ్వు ప్యాసింజర్లకు పెట్టుకో. నాకాడ నీ నిజం మొగం పెట్టు. ఇంకోటి, నన్ను మేడమ్ అనాకు. అక్కా అను."

అందరూ ఆమెకు భయపడేవారు. ఆమె కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడేది, పొగడ్త అనేది ఎరగదు. అయినా డ్యూటీ జాబితాలో ఆమె పేరు కనిపిస్తే లోపల ధైర్యంగా ఉండేది. ఆమెకొక పద్ధతి ఉంది. పని పంచాక నలుగురు సిబ్బందిని ఇద్దరిద్దరుగా జత కట్టేది. "ఈ పొద్దు నీ మొగం ఆయమ్మ చూస్తాది, ఆయమ్మ మొగం నువ్వు చూడు" అనేది. విమానం ఎగురుతుండగా ఉన్నట్టుండి సిబ్బంది ఫోన్‌లో పిలిచి, "ఏం చేస్తాండావ్?" అని అడిగేది. పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. ఊ, ఆ అంటే ఒప్పుకోదు. కొత్తలో మేమంతా చాటున నవ్వుకునేవాళ్లం. నేనైతే ఆమె గొంతును అచ్చంగా అనుకరించేదాన్ని.

ఒకసారి హోటలుకు పోయే వ్యానులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. అప్పుడు చెప్పింది. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. రేకుల షెడ్డు కింద ఎండ, రాతి దుమ్ము, పొద్దున్నుంచీ ఒకే రాయి మీద చూపు. అట్లా గంటలకొద్దీ చెక్కే మనిషికి కళ్లు తిరిగినా తెలియదట. తెలిసినా ఒప్పుకోడు, ఈ కనురెప్ప ఒక్కటీ అయిపోనీ అంటాడు. ఆ ఒక్క కనురెప్ప దగ్గరే చెయ్యి జారి దేవుడి ముక్కు పోతుంది, లేదా మనిషి వేలు పోతుంది. అందుకని వాళ్ల షెడ్డులో ఒంటరిగా ఎవరూ పనికి కూర్చోరు. రాయికి అటొకరు, ఇటొకరు. ఎదుటివాడి చూపు చెదిరిందని తోస్తే 'ఉలి దించు' అనాలి. ఆ మాట వినిపించగానే ఉలి కింద పెట్టి, నీడకు పోయి నీళ్లు తాగాలి. అన్నవాడు కొడుకైనా, కూలివాడైనా సరే.

"ఎందుకని అడగగూడదా?" అన్నాను.

"అడగొచ్చు, దించినాక. ముందు దించు, ఆమైన కొట్లాడు" అంది. "నేను చిన్నపిల్లప్పుడు మా నాయనకు చెప్పినా ఒకసారి. అంత పెద్ద శిల్పి, గౌను యేసుకున్న పిల్ల చెప్తే నవ్వుకుంటా ఉలి దించె. నీ మొగం నీకు కనపడదు శైలా. ఎదురుగా ఉన్నోళ్లకే కనపడతాది."

ఇంకొకటి కూడా ఆమె నుంచే నేర్చుకున్నాను. విమానంలో టాయిలెట్ల వాసన కొట్టకుండా మావాళ్లు కాఫీ పొడి పొట్లాలు చింపి అక్కడ వేలాడదీస్తారు. ఈ కిటుకు శిక్షణలో ఎవరూ నేర్పరు, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు పట్టుకుంటారు. ఓబులమ్మక్క కంటపడితే తీసి పారేసేది. మాతో పనిచేసే నేహా అనే పిల్ల ఒకసారి, "కంపు భరించలేకపోతున్నాం మేడమ్" అని నసిగింది. "కంపు కొడితే కడుగు. దాచిపెడితే, అది యాడ్నుంచొస్తాందో, ఏందో ఎట్ల తెలుస్తాది?" అంది అక్క. ఆమె చాదస్తంలో ఇదొకటి అనుకున్నాం.

కాశీ నుంచి హైదరాబాదుకు తిరిగి వస్తున్న విమానం అది. పగటివేళ. లోపల సగం మంది యాత్రికులే, ఒళ్లో గంగచెంబులతో. మిడుతూరు మండలం నుంచి వచ్చిన గుంపు ఒకటి ముందు వరుసల్లో కూర్చుంది. వాళ్లలో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు నాతో, "మీది నంద్యాలంట గదమ్మా, మాకు భయంలేదులే" అన్నాడు. ఆ రోజు జతలు కట్టేటప్పుడు ఓబులమ్మక్క నన్ను తనకే పెట్టుకుంది. "ఈ పొద్దు నా మొగం నీది" అంది. మేమిద్దరం ముందు తలుపు దగ్గర, నేహా, ప్రవీణ్ అనే అబ్బాయి వెనక.

విమానం లేచింది. ఇంకా పైకెక్కుతుండగానే వచ్చింది ఆ వాసన. తడి మేజోళ్లు మూట కట్టి వారం రోజులు మరిచిపోతే ఎలా ఉంటుందో అలా. ముందు, ఎవరో ప్రయాణికుడు బూట్లు విప్పాడనుకున్నాను. అక్క అప్పటికే బెల్టు విప్పుకుని లేచి, గాలి వచ్చే రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి, ముఖం పెట్టి చూసింది. "బూట్లు కాదు. గాల్లోనే వస్తాంది" అని ఫోన్ తీసుకుంది. కెప్టెన్‌కు వాసన ఎక్కడుందో, ఎలా ఉందో, ఎంత గాఢంగా ఉందో పొల్లు మాట లేకుండా చెప్పింది. పైలట్లు ఇద్దరూ ఆక్సిజన్ మాస్కులు తగిలించుకుని వెనక్కి కాశీకే తిప్పుతున్నామన్నారు. ఇంజన్ నూనె ఎక్కడో కారి, లోపలికొచ్చే గాలిలో కలిసిందని తర్వాత చెప్పారు. అప్పటికి మాకు తెలిసింది ఒక్కటే, మేం పీలుస్తున్న గాలి మంచిది కాదు, తలుపు తీసుకుని బయటికి పోయే వీలు లేదు.

వెనక నుంచి ప్రవీణ్ ఫోన్ చేశాడు. నేహా వాంతి చేసుకుంది, నిలబడలేకపోతోంది. "కూర్చోబెట్టి చిన్న ఆక్సిజన్ సిలిండరు పెట్టు. ఆ పాప కాడ్నే ఉండు, మాట్లాడిస్తానే ఉండు" అని అక్క చెప్పింది. లోపల కలకలం మొదలైంది. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. మిడుతూరు పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఈ గబ్బు? పైనుంచి మాస్కులు పడతాయంటిరే, అవి ఇయ్యండి."

"కూర్చో నాయనా" అని అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "అవి గాలి సాలనప్పుడు పెట్టుకునేటివి. ఈడి గాలే వాటిల్లోకీ కలుస్తాది, ఏం ఉపయోగం లేదు. బెల్టు కట్టుకో. బేగా దిగిపోతాం. యాడికి పోవాల మీరు?"

"మిడుతూరు కాడికమ్మా."

"దిగినాక నేనే ఫోన్ చేయిస్తా మీవాళ్లకు. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. ఆయన్ను చూసి మిగిలినవాళ్లూ కూర్చున్నారు. వాసన ఎక్కువున్న వరుసల్లోంచి ముసలివాళ్లనూ పిల్లలనూ మధ్యలోకి మార్చాం. నా నాలుక మీద ఇనుము చప్పరించినట్టుంది, తల దిమ్ముగా ఉంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతున్నాయి. అయినా అక్క ముందు నడుస్తుంటే నాకేం కాదన్నట్టు ఉంది. అంతలో ఆమె మళ్లీ ఆ పెద్దాయన దగ్గర ఆగి, అదే గొంతుతో, "యాడికి పోవాల నాయనా మీరు?" అని అడిగింది. ఆయన ఆమెను చూసి, నన్ను చూశాడు. "మిడుతూరు... ఇప్పుడే చెప్తి గదమ్మా" అన్నాడు. కంగారులో మరిచిపోయిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను ఒక పిల్లవాడికి వాంతి సంచీ అందించి ముందుకు వచ్చేసరికి, అక్క వంటగదిలో ట్రాలీ గడియ తిప్పుతోంది. భోజనాల ట్రాలీ అది, నిండుగా ఉంది. విమానం దిగుతోంది, నేల ఏటవాలుగా ఉంది. గడియ ఊడితే అది గుండులా దొర్లి మనుషుల మీదికి పోతుంది.

"అక్కా, ఏం చేస్తాండావ్?" అన్నాను. ఆమె నేర్పిన ప్రశ్నే.

"టిఫిన్లు ఇయ్యాల గదా" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం నా మీద నిలవలేదు, నా చెవి పక్కగా ఎక్కడో చూస్తున్నాయి.

నాకూ తల బాగోలేదు. తప్పు ఆమెదో, నాదో? ఒకవేళ నాకే మతి చెదిరి ఆమె సరిగ్గా ఉంటే? పైకి చూశాను, బెల్టు దీపం వెలుగుతోంది. కిటికీలోంచి చూశాను, పొలాలు దగ్గరపడుతున్నాయి. ఇది టిఫిన్ల వేళ కాదు. ఆ రెండూ చూసుకున్నాకే నోరు పెగిలింది.

"అక్కా, నీకు బాగలేదు. కూర్చో."

"నాకేం కాలే. నువ్వు వెనక్కిపో, నేహాను చూడు."

అది ఇన్‌ఛార్జ్ ఆజ్ఞ. ఆమె మాట మీరడం ఆనాటి దాకా నేను కలలో కూడా ఎరగను. ఆమె చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది. నేను ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. విదిలించింది. ఏం చెప్పినా వినదని అర్థమైంది. అప్పుడు వచ్చింది ఆ మాట, నేను ఆలోచించి తెచ్చుకున్నది కాదు.

"ఉలి దించక్కా."

ఆమె నా వైపు తిరిగింది. ఈసారి కళ్లు నా మీద నిలిచాయి. ఆ చూపులో ఉన్న కోపం నేను జన్మలో మరవలేను. గడియ మీద నుంచి చెయ్యి తీసింది. తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాలిలోనే ఉంచుకుంది. నేను గడియ బిగించి, ఆమెను సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాను, సిలిండరు మాస్కు ముఖానికి పెట్టాను. ఆమె వింటుండగానే ఫోన్ తీసి, "కెప్టెన్, ఇన్‌ఛార్జ్‌కు ఒంట్లో బాగాలేదు. ఆమె బాధ్యతలు నేను తీసుకుంటున్నాను" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

దిగాం. నిచ్చెన రాగానే తలుపు తీశాను. డీజిల్ పొగతో నిండిన ఎండగాలి లోపలికి వచ్చింది, అంత తీయని గాలి నేనెప్పుడూ పీల్చలేదు. మిడుతూరు పెద్దాయన దిగుతూ దిగుతూ అక్క ముందు ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

ఆసుపత్రిలో మా మంచాలు పక్కపక్కన వేశారు. తెలివి తేటపడ్డాక ఆమె అడిగిన మొదటి మాట, "ట్రాలీ మూసినావా?" అని.

"మూసినా అక్కా."

"నేహా?"

"బాగుంది. మాట్లాడతాంది."

అప్పుడు, "కెప్టెన్‌తో చెప్పినావు గదా" అంది. చెప్పానన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేను దుప్పటి ముసుగులో ఏడ్చాను. ఆమె నేర్పిన పనే చేసి, ఆమెనే పోగొట్టుకున్నాననిపించింది.

నేహా, నేను కొద్ది రోజులకు మామూలు మనుషులమయ్యాం. అక్కకు మాత్రం తలనొప్పి వదల్లేదు, కుడి చెయ్యి వణికేది. ఆమెను మళ్లీ విమానం ఎక్కనివ్వలేమని డాక్టర్లు తేల్చారు. ఆఫీసులో కుర్చీ పని ఇస్తామంటే, "కూర్చునేదైతే మా ఊర్లో కూర్చుంటా" అని ఆళ్లగడ్డ వెళ్లిపోయింది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అయినా ఆమె ఉద్యోగం నా నోటి మాటతోనే పోయిందన్న ముల్లు లోపల గుచ్చుతూనే ఉండేది. నంద్యాల వచ్చినప్పుడల్లా ఆళ్లగడ్డ బస్సు ఎక్కుదామనుకుని మానుకునేదాన్ని. గంట ప్రయాణం, నాకు కొండంత దూరమైంది.

చివరికి ఒకనాడు నంద్యాలలో మా సొంత అక్కే తిట్టి ఆళ్లగడ్డ బస్సెక్కించింది. రోడ్డు పక్కన షెడ్లలో ఆంజనేయులు, వినాయకులు, ముఖాలకు గుడ్డలు కట్టిన నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక షెడ్డులో పెద్ద నందికి అటువైపు ఆమె తమ్ముడు సుబ్బరాయుడు, ఇటువైపు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఓబులమ్మక్క. యూనిఫారంలో తప్ప ఆమెను చూడలేదు నేను. నూలుచీరలో, జుట్టునిండా దుమ్ముతో, పదేళ్లు చిన్నదానిలా ఉంది.

"వచ్చినావా. ఇన్నాళ్లు యాడ సచ్చినావే?" అంది.

"భయపడినా అక్కా. నీకు కోపమేమోనని."

"వచ్చింది కోపం. రాకుండా ఎట్లుంటాది?" గుడ్డ కిందికి లాక్కుని చెప్పింది. "మా నాయన నవ్వుకుంటా దించె. నాకు ఆ పొద్దు నవ్వు రాలే శైలా. ఊరందరికీ చెప్తి, ఉలి దించు, ఉలి దించు అని. నాకాడికొచ్చేతలికి, ఈ పిల్ల నాకు చెప్పేదేంది అనిపిచ్చె. మా నాయన ఎంత పెద్దోడో ఆ ఆస్పత్రిలో తెలిసొచ్చె. నీ మీద అలిగి గోడకు తిరగలేదు నేను. సిగ్గయితాంటే తిరిగినా."

ఆమె మళ్లీ ఉలి అందుకుంది. నంది మూపురం మీద నాలుగు దెబ్బలు వేసిందో లేదో, అటువైపు నుంచి సుబ్బరాయుడు తలెత్తకుండానే, "అక్కా, ఉలి దించు" అన్నాడు. ఆమె చెయ్యి వణుకుతోందని నేను అప్పుడు గమనించాను. ఆమె ఉలి కింద పెట్టింది. నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఎవరి కోసమూ పెట్టుకున్నది కాదు. కుండలో నీళ్లు ముంచి తాగి, నాకూ ఒక చెంబు ఇచ్చింది.

పోయిన ఏడాది ఆమె కన్నుమూసింది. నిద్రలోనే పోయిందన్నారు. కర్మలన్నీ అయ్యాక వెళ్తే, షెడ్డులో సగం చెక్కిన వినాయకుడు అలాగే ఉన్నాడు. పని ఎందుకు మొదలుపెట్టలేదని సుబ్బరాయుణ్ణి అడిగాను. "ఎదురుగా ఎవురూ లేరు గదమ్మా" అన్నాడు. ఆ తర్వాత అతని భార్య ఉలి పట్టడం నేర్చుకుని ఇటువైపు కూర్చుందని విన్నాను.

ఇప్పుడు నేనూ ఇన్‌ఛార్జ్‌ని. నేనూ జతలు కడతాను, కాఫీ పొట్లాలు తీసి పారేస్తాను, నా వెనక నా గొంతును అనుకరించే పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. ఇంట్లో కూడా ఆ మాట పాకింది. అర్ధరాత్రి దాకా పుస్తకం వదలకపోతే మేఘనకు నేను చెబుతాను, కోపంలో నోరు జారబోతే మా సొంత అక్క నాకు చెబుతుంది.

బెండకాయలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి. మేఘన వచ్చి నా ఎదురుగా, పళ్లేనికి అటుపక్క కూర్చుంది. తనూ ఒక కాయ తీసుకుంది. తరగబోతూ నా ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, ఉలి దించు" అంది.

"నాకేం కాలే" అన్నాను.

ఆ మాట నా చెవికే ఆళ్లగడ్డ గొంతులో వినిపించింది. ట్రాలీ గడియ మీద చెయ్యి, నా చెవి పక్కగా చూస్తున్న కళ్లు. రేపు నా వెనక విమానం నిండా మనుషులుంటారు. నేను కత్తి కింద పెట్టాను. మేఘన నా నుదుటి మీద చెయ్యి వేసి, చప్పున తీసి, "ఎప్పట్నుంచి?" అని అడిగింది. నిన్నటి నుంచి అన్నాను.

ఫోన్ తీసి ఆఫీసుకు చేశాను. "రేపు నేను రాలేను. నాకు ఒంట్లో బాగాలేదు" అని పూర్తి వాక్యంలో చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా నోటితో నేను ఆ మాట చెప్పడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేసి మేఘనను చూసి నవ్వబోయాను. ఓబులమ్మక్క చెప్పింది నిజమే, మొదటిసారి నవ్వు రాదు.